ఉద్యోగులు, వారి పరివారం

రాయపూర్ (మ.ప్ర.),
మార్చి 11, 1979.

అక్కకు నీ తమ్ముడు చిన్నారావు నమస్కరించి రాసుకునేది.

మేము కులాసా. నీ మరదలు సుభద్ర నడుం నొప్పి తగ్గింది, నోరు మాత్రం అలాగే ఉంది. సంగతేమిటంటే, నీ తమ్ముడిప్పుడు ఉత్త గుమాస్తా కాదు. మా రైల్వే కాలనీ ఈతకొలను కమిటీకి కార్యదర్శి.

నువ్వు రెండేళ్ళ కిందట వచ్చినప్పుడు చూశావుగా, ఇన్‌స్టిట్యూట్ వెనకాల పెద్ద సిమెంటు గొయ్యి? అదే. పదకొండేళ్ళుగా అందులో నీళ్ళు లేవు. మన తెలుగువాళ్ళు వడియాలు ఎండబెట్టుకునేవాళ్ళు, ఇక్కడివాళ్ళు మేకల్ని కట్టేసేవాళ్ళు. మేకలు వడియాలు తినడం, రెండు పక్షాలూ ఆఫీసుకొచ్చి అరుచుకోవడం ఏటా ఉండేదే. ఇప్పుడు పగుళ్ళు పూడ్చి, నీలం రంగు వేసి, నీళ్ళు నింపారు. నింపగానే ఎవరు దిగాలన్న తగవు మొదలైంది. అధికారులు మాకే అన్నారు, యూనియన్ వాళ్ళు అందరికీ అన్నారు. నాలుగు మీటింగులయ్యాక 'కర్మచారీ ఏవం ఉన్‌కే పరివార్' అని హిందీలో తీర్మానం చేశారు. కాలనీలో సగం మంది మనవాళ్ళే కాబట్టి తెలుగు బోర్డు కూడా పెట్టాలి. అనువదించే భాగ్యం నాది. కిందటేడు హిందీ అనువాదంలో నాకు మొదటి బహుమతి వచ్చిందిగా, ఆ పత్రం ముందుగదిలో అద్దం కట్టించి పెట్టాను. బిలాస్‌పూర్‌లో అనువాదకుడి పోస్టు ఖాళీగా ఉంది. ఈ బోర్డు బాగా కుదిరితే అది నాదే అని అందరూ అంటున్నారు.

ఇరవై ఏడేళ్ళు హిందీ గాలి పీల్చి నా తెలుగు తుప్పు పట్టింది. అందుకని ముసాయిదా పంపుతున్నాను. ఎనిమిదో తరగతిలో నాకు పదికి నాలుగు వేసిన చేత్తోనే దిద్ది పంపు.

1. ఈ కొలను రైల్వే ఉద్యోగులు, వారి పరివారం కొరకు మాత్రమే.
2. ఆదివారం ఉదయం పిల్లలకు ఈత శిక్ష ఇవ్వబడును.
3. స్త్రీలకు ప్రతిదినం సాయంత్రం నాలుగు నుండి ఐదు వరకు.
4. ఎవరైనా మునిగినచో వెంటనే కార్యదర్శిని సంప్రదించవలెను.

నీ తమ్ముడు,
చిన్నారావు


అనకాపల్లి,
మార్చి 20.

ఒరేయ్ చిన్నా,

దీవెనలు. సుభద్ర నోరు అలాగే ఉండనీ, ఆ ఇంట్లో నిజం చెప్పేది అదొక్కటే.

నీ కాయితం దిద్ది పంపుతున్నాను. 'ఈత శిక్ష' ఏమిట్రా? పిల్లలేం నేరం చేశారు? హిందీలో శిక్ష అంటే చదువట, మా వీధి చివర హిందీ మాస్టారు చెప్పాడు. మనకి శిక్ష అంటే బెత్తం. 'శిక్షణ' అని మార్చాను. నాలుగోది చదివి మాస్టారూ నేనూ కళ్ళనీళ్ళు తిరిగేలా నవ్వుకున్నాం. మునిగినవాడు కార్యదర్శిని ఎలా సంప్రదిస్తాడు? బుడగల ద్వారానా? కొట్టేశాను.

మొదటి వాక్యంలో ఒక్క తప్పూ లేదు. 'పరివారం' అన్నావు చూడు, మనసు నిండింది. రాజులకే గానీ రైల్వే గుమాస్తాలకి పరివారం ఎక్కడిదీ, అయినా ఇళ్ళల్లో చాకిరీ చేసే మనుషులకీ ఒళ్ళు చల్లబడాలని మీ కమిటీకి తోచిందంటే ఈ దేశం మీద ఆశ పుడుతోంది. పదికి ఆరు.

ఇంకొక మాట. కొలను కార్యదర్శికి ఈత రావాలన్న రూలు లేదా? శారదా ఏట్లో మోకాలి లోతున నిలబడి 'అక్కా, పోతున్నానే' అని ఊరంతా లేపినవాడివి. ఎవరికీ చెప్పనులే.

మీ ఇంట్లో పనిచేసే అప్పలనరసమ్మ ఎలా ఉంది? నేనక్కడ ఉన్నన్నాళ్ళూ గిన్నెలు తోముతూ తన పూడిమడక సముద్రం గురించే చెప్పేది. ఆవిణ్ణి అడిగానని చెప్పు.

రంగనాయకమ్మ


రాయపూర్,
ఏప్రిల్ 9.

అక్కా,

కొంప మునిగింది!

నువ్వు దిద్దిన కాయితంలో ఎర్రసిరా ఉన్న చోట్లు మార్చేసి పెయింటరుకి ఇచ్చాను. ఉత్తరం తీరిగ్గా చదువుదామని చొక్కా జేబులో పెట్టుకుంటే సుభద్ర ఆ చొక్కా ఉతికేసింది. అదీ నా జాతకం.

ఒకటో తారీకున ప్రారంభం. మా ఇంజనీరు సాహెబే కమిటీకి అధ్యక్షుడు, ఆయన రిబ్బను కత్తిరించాడు. స్త్రీల గంట కొట్టారు. ఆఫీసర్ల భార్యలందరూ గట్టున కుర్చీల్లో కూర్చుని నీళ్ళ వంక చూస్తున్నారు, ఒక్కరూ లేవరు. అప్పుడొచ్చింది మన అప్పలనరసమ్మ. చౌకీదారు 'ఏ దాయీ, కహాఁ జాథస్?' ఎక్కడికి పోతున్నావని అడ్డం పడ్డాడు. అది తెలుగు బోర్డు వైపు చెయ్యి చూపించి, "నాకు సదువు రాదు గానీ సుభద్రమ్మ సదివి సెప్పినాది. పరివారం అంటే నానే" అంది. వాడికి తెలుగు వచ్చినంతలో అర్థమై, బోర్డు మీద కమిటీ ముద్ర చూసి తప్పుకున్నాడు. అది చీర గోచీ పోసి దబ్బున దూకింది. ఈ గట్టున మునిగి ఆ గట్టున తేలింది! సాహెబు గారి భార్య చప్పట్లు కూడా కొట్టింది, ఎవరో తెలియక.

పైకొచ్చి ఏడుపు. నేను తిడదామని వెళితే, "ఇరవై ఏళ్ళయినాది బాబూ, వొళ్ళు ములిగి. కొళాయి కాడ బకెట్టు నీళ్ళతోనే బతికీసినాను. ఇయ్యేల నా వొళ్ళు నాకు దొరికినాది" అంది. తిట్టకుండానే వెనక్కి వచ్చేశాను.

మర్నాడు ఇస్త్రీ బండి మనిషి వచ్చింది. మూడోనాడు గార్డు గారింటి వంటమనిషి. ఇక మా ఆఫీసు సూపరింటెండెంటు వెంకటరత్నం గారు అగ్గి మీద గుగ్గిలం! నీకు గుర్తుందా, ఆయన తెలుగువాడే, కానీ తెలుగువాళ్ళతో కూడా హిందీలోనే మాట్లాడతాడు. పనివాళ్ళు దిగిన నీళ్ళలో మన ఆడవాళ్ళు దిగాలా, దానికి ఈత కావాలంటే తెలీబంధా చెరువు లేదా అని సంతకాలు సేకరిస్తున్నాడు.

హిందీలో పరివార్ అంటే పెళ్ళాం పిల్లలు అక్కా! నేను ఉన్నదున్నట్టు తెలుగులోకి దింపాను. అది తప్పని ఒప్పుకుంటే బహుమతి పరువు పోతుంది, బిలాస్‌పూర్ పోస్టు పోతుంది. ఒప్పుకోకపోతే వెంకటరత్నం గారు నన్ను బతకనివ్వడు. ఈ నెల 29న సర్వసభ్య సమావేశం. ఆలోగా నువ్వొక ఉత్తరం ముక్క రాయి. అసలు కాయితంలో 'కుటుంబం' అనే ఉందని, పెయింటరు చూసుకోకుండా రాశాడని. తెలుగు పండితురాలి మాటకి విలువుంటుంది. ఆ మాట దిద్దకుండా వదిలేసింది నువ్వేనని మాత్రం మర్చిపోకు.

చిన్నారావు


అనకాపల్లి,
ఏప్రిల్ 17.

చిన్నా,

రాయను. ముప్ఫై మూడేళ్ళు అబద్ధం రాసిన పిల్లల చెవులు మెలిపెట్టిన దాన్ని. ఇప్పుడు నీకోసం ఆ పాపం పెయింటరు మెడకి చుట్టమంటావా?

దిద్దలేదంటావు. ఎందుకు దిద్దాలి? పరివారం అంటే వెంట ఉండి కనిపెట్టుకునే మనుషులు. నేను సంతోషించి రాసిన మాట నువ్వు చదవకుండా సబ్బు నీళ్ళలో కలిపావు. హిందీ మాటని తెలుగులోకి దింపానంటున్నావు. గట్టు మీద ఒక మనిషి, నీళ్ళలోకి దిగాక ఇంకో మనిషి అయిపోయింది, అంతే. తప్పు మాటది కాదు, చూసుకోకుండా దూకిన నీది.

ఆ వెంకటరత్నాన్ని నేనడిగానని ఒక్క మాట అడుగు. వాళ్ళింట్లో అంట్లు తోమేదెవరు? ఆ చేత్తో తోమిన కంచంలో అన్నం తింటే పోని పరువు, ఆ చెయ్యి కొలనులో తడిస్తే పోతుందా? నిన్నూ అడుగుతున్నాను. పోయినేడు నీకు కామెర్లు వచ్చినప్పుడు రోజూ పొద్దున్నే చెట్టు మందు నూరి పట్టింది ఎవర్రా? సుభద్ర రాసింది నాకు, నువ్వు రాయలేదు.

సమావేశంలో ఏం చేస్తావో చెయ్యి. తప్పయిందని ఆ మనిషిని గెంటేస్తే మాత్రం, ఈ వేసవికి నేను రాను, మాగాయ పంపను.

రంగనాయకమ్మ


రాయపూర్,
మే 2.

అక్కా,

మాగాయ మాట ఎత్తి దెబ్బ కొట్టావు. అయినా నిజం చెబుతున్నాను, సమావేశానికి జేబులో క్షమాపణ కాయితం పెట్టుకునే వెళ్ళాను.

హాలు కిక్కిరిసింది. అప్పలనరసమ్మ గుమ్మం పక్కన నేలమీద కూర్చుంది. వెంకటరత్నం గారు ముప్పావుగంట హిందీలో ఉపన్యసించాడు. శుభ్రత, క్రమశిక్షణ, దేశ భవిష్యత్తు, అన్నీ అయ్యాయి. ఆయన కూర్చోగానే వాళ్ళావిడ తాయారమ్మ గారు లేచింది. అక్కా, ఆవిడ నలుగురిలో నోరు విప్పగా ఎవరూ వినలేదు. "నా మోకాళ్ళకి డాక్టరు నీళ్ళలో నడవమన్నాడు. అప్పలనరసమ్మ చెయ్యి పట్టుకుంటేనే నేను దిగుతున్నాను. ఆవిడ్ని వెళ్ళగొడితే రేపట్నుంచి మీరు దిగి పట్టుకుంటారా?" అంది. పైగా తెలుగులో. ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. ఆయన 'బైఠో, బైఠో' అన్నాడు గానీ ఆవిడ కూర్చోలేదు.

అధ్యక్షుడికి తెలుగు రాదు. నా వైపు తిరిగి, "చిన్నారావ్‌జీ, సీదా జవాబ్ దీజియే. ఏ ఆప్‌కే పరివార్ కీ హైఁ?" అని అడిగాడు, ఈవిడ మీ పరివారమేనా అని.

ఆలోచించు నా గతి. కాదు అంటే బోర్డు తప్పు, నేను తప్పు. అవును అంటే హిందీలో అది మా ఇంటి మనిషని, నా రక్తబంధువని అర్థం. చెయ్యి జేబులోకి పోయింది. ఆ మనిషి నా వంక చూడటం లేదు, కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ నేల చూస్తోంది. ఎలాగూ గెంటేస్తారని తేల్చుకున్నట్టుంది. ఆ చేతి మీద ఇంకా చెట్టు మందు మరక ఉందేమో అనిపించింది. ఉండదు, ఏడాదైంది. అయినా అనిపించింది.

"జీ, హైఁ" అనేశాను.

హాలంతా నా వైపు తిరిగింది. వెంకటరత్నం గారు ఒక్క గెంతులో సభ్యుల రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టాడు. "అయితే సంబంధం గడిలో రాయండి, సంతకం పెట్టండి" అన్నాడు, హిందీలోనే. రాశాను, పెట్టాను. ఏం రాశానో అడగకు. నిబంధనల పుస్తకంలో ఉన్న సంబంధమే రాశాను. ఇరవై ఏడేళ్ళు గుమాస్తాగిరీ ఊరికే చెయ్యలేదు.

ప్రస్తుతానికి గొడవ సద్దుమణిగింది. మాగాయ పంపు.

చిన్నారావు


అనకాపల్లి,
మే 14.

ఏరా, సద్దుమణిగిందా?

నాలుగు రోజుల కిందట మీ కమిటీ నుంచి నాకు రిజిస్టర్డు ఉత్తరం వచ్చింది, హిందీలో. మాస్టారు చదివి చెబుతుంటే నా కాఫీ పొలమారింది. 'చిన్నారావు తనపై ఆధారపడిన విధవ సోదరి అని అప్పలనరసమ్మ పేరు నమోదు చేశారు. మాకు తెలిసినంతలో ఆయనకు రంగనాయకమ్మ అనే మీరు ఒక్కరే సోదరి. అప్పలనరసమ్మ చిన్నారావు గారి బహన్ అవునా, కాదా? పది రోజుల్లో తెలుపగలరు.' కింద వెంకటరత్నం సంతకం, నా వడియాలంత పెద్దది.

ఒరేయ్, మీ బావ పోయాక నా పింఛను మీద నేను గౌరవంగా బతుకుతుంటే నన్ను నీ మీద ఆధారపడ్డ దాన్ని చేశావు. పోనీ చేశావు, నా పేరైనా ఉంచావా? బతికుండగానే నా ఉద్యోగంలో ఇంకొకరిని వేశావు! రెండు రోజులు నీ మీద కోపంతో వంట కూడా సరిగ్గా చెయ్యలేదు. దొంగ రాత రాశాడని తేలితే పోస్టు మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగం పోతుందని భయం కూడా వేసింది. అవునని రాస్తే నా నోటితో అబద్ధం. కాదని రాస్తే నీ కొంపా మునుగుతుంది, ఆవిడా గట్టునే ఉండిపోతుంది.

మూడో రోజు జవాబు రాశాను. నకలు ఇదిగో:

'అయ్యా, నాకు హిందీ రాదు. బహన్ అంటే అక్క లేదా చెల్లెలని ఇక్కడి మాస్టారు చెప్పారు. రెండేళ్ళ క్రితం నేను రాయపూర్ వచ్చినప్పుడు కూరల బండివాడు నన్ను బహన్‌జీ అన్నాడు. రిక్షా అతను బహన్‌జీ అన్నాడు. తమరు మా తమ్ముడింటికి టీకి వచ్చి, నేను తెలుగులో పలకరించినా, నన్ను మూడుసార్లు బహన్‌జీ అన్నారు. అంచేత మీ ఊళ్ళో బహన్ కావడానికి ఒక తల్లి కడుపున పుట్టనక్కర్లేదని తెలుసుకున్నాను. ఆ లెక్కన అప్పలనరసమ్మ మా తమ్ముడికి బహన్ అవునా అంటే, నిశ్చయంగా అవును. వాడికి జబ్బు చేసినప్పుడు మందు నూరి పట్టింది ఆవిడే, నేను కాదు. ఇకపోతే నేను తమరికి కూడా బహన్‌నే కదా. తమరి రిజిస్టరులో నా పేరు ఎక్కించారా? లేకపోతే ఆనాడు నన్ను పిలిచిన పిలుపు అబద్ధమా? పది రోజుల్లో తెలుపగలరు.'

ఇందులో ఒక్క అబద్ధం ఉంటే చూపించమను.

మాగాయ ఇంకా ఎండలో ఉంది. ఏమౌతుందో చూసి పంపుతాను.

రంగనాయకమ్మ


రాయపూర్,
జూన్ 3.

అక్కా,

నీ కాళ్ళు ఎక్కడున్నాయో చెప్పు, ఇక్కణ్ణుంచే దణ్ణం పెడతాను.

నీ జవాబుని హిందీలోకి మార్చమని అధ్యక్షుడు గారు నాకే ఇచ్చాడు. ఈసారి ఒక్క మాట కూడా ఉన్నదున్నట్టు దింపలేదు, అర్థం చూసుకుని రాశాను. సమావేశంలో చదువుతుంటే 'మూడుసార్లు బహన్‌జీ' దగ్గర సాహెబు టీ గుటక వేయలేక కప్పు కింద పెట్టేశాడు. తాయారమ్మ గారు లేచి "ఏమండీ, అన్నారా లేదా?" అని అడిగింది. వెంకటరత్నం గారు మొదటిసారి తెలుగులో, "అన్నాను లేవే" అన్నాడు. ఫైలు మూసేశారు. ఇంటి పనివాళ్ళందరికీ రెండు పూటలా ఒక గంట ఇవ్వాలని తాయారమ్మ గారే తీర్మానం పెట్టింది. బోర్డు అలాగే ఉంది. ఇప్పుడు హిందీ బోర్డు మారుస్తున్నారు, తెలుగు దానికి సరిపోయేట్టు!

బిలాస్‌పూర్ పోస్టు వేరొకరికి వెళ్ళిందట. రెండు రోజులు అన్నం సయించలేదు, దాచను. తర్వాత సర్దుకున్నాను.

ఇంకో సంగతి ఉంది, నీకే చెబుతున్నాను. తాయారమ్మ గారి తీర్మానంలో, కమిటీ సభ్యులందరికీ ఈత వచ్చి తీరాలని ఒక మెలిక కూడా ఉంది. దాంతో నా గుట్టు రట్టయింది. పొద్దున్నే ఎవరూ లేనప్పుడు నేర్పమని అప్పలనరసమ్మని అడిగాను. ఆవిడ నవ్వలేదు. ఆవిడ నీళ్ళలో నిలబడి నా నడుం కింద చెయ్యి పెట్టింది. నేను మోకాలి లోతునుంచి కదలనంటే నెట్టింది. గుక్కెడు నీళ్ళు మింగి, "అప్పలనరసమ్మా, పోతున్నాను!" అని అరిచాను.

ఇన్నేళ్ళుగా నన్ను 'బాబూ' తప్ప ఇంకో మాట అనని మనిషి, నా వీపు మీద ఒక్కటి చరిచి, "ఓరి తమ్ముడా, కాళ్ళాడించరా! నానున్నాను కదేటి!" అంది.

ఆడించాను అక్కా. తేలాను. గట్టున సుభద్ర పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నాకు మాత్రం, కొలనులో నీళ్ళో ఏమో, కళ్ళు తడిసిపోయాయి. ఆవిడ ఆ మాట అన్నాక తనే బెదిరి, "తప్పయిపోనాది బాబూ" అని దూరం జరిగింది. "రిజిస్టరులో అలాగే ఉంది, మార్చడానికి లేదు" అన్నాను.

నువ్వు ఈ వేసవికి వస్తే సంబంధం గడి ఖాళీ లేదు. నిన్ను పరివారంలో రాస్తాను.

నీ తమ్ముడు,
చిన్నారావు


అనకాపల్లి,
జూన్ 12.
(కార్డు)

చిన్నా,

మాగాయ జాడీ రైలు గార్డుతో పంపాను. సగం అప్పలనరసమ్మకి ఇవ్వు. నేను శనివారం పాసింజరుకి వస్తున్నాను. పరివారంలో రాయి, అభ్యంతరం లేదు.

వీపు మీద చరుపులూ, నీళ్ళు మింగించడమూ చదివాక తెలిసింది, 'ఈత శిక్ష' అని నువ్వు మొదట రాసిందే ఒప్పు. దిద్దినందుకు నన్ను క్షమించు.

నీ ఉత్తరంలో తప్పులు వెతికాను. ఏప్రిల్‌లో 'అది చెయ్యి చూపించి, అది దూకింది' అని రాశావు. ఇప్పుడు మూడుసార్లు 'ఆవిడ' అన్నావు. అప్పుడు నేను చూశాను గానీ దిద్దలేదు, ఎర్రసిరాతో పోయే తప్పు కాదని. నీ అంతట నువ్వే దిద్దుకున్నావు.

పదికి పది.

అక్క